అణు ఇంజనీరు కావాలంటే ఏం చదవాలి?

1927లో బొంబాయి నుంచి ఒక కుర్రవాడు ఇంగ్లండు వెళ్ళి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదో ఏడు. తండ్రి పేరున్న న్యాయవాది. మేనత్త భర్త దొరాబ్జీ టాటా. జంషెడ్‌పూరులోని ఉక్కు కర్మాగారం ఆ టాటాలదే. కుర్రవాడు మెకానికల్ ఇంజనీరింగు చదివి వచ్చి, ఆ కర్మాగారంలో పెద్ద ఉద్యోగం చెయ్యాలని ఇంట్లో పెద్దలు నిశ్చయించారు.

కాని ఏడాది తిరిగేసరికి కుర్రవాడి మనసు మారిపోయింది. ఇంజనీరింగు తనకు సరిపడదనీ, భౌతిక శాస్త్రం మీదనే తన ప్రాణమంతా ఉన్నదనీ 1928లో తండ్రికి ఉత్తరం రాశాడు.

మీ నాన్నగారికి మీరు అలాటి ఉత్తరం రాస్తే ఆయన ఏమంటారు? ఆ తండ్రి కోప్పడలేదు. అలాగని వెంటనే సరే అని కూడా అనలేదు. "మొదలుపెట్టిన చదువు ముందు పూర్తి చెయ్యి. మెకానికల్ పరీక్షలో మొదటి తరగతిలో ప్యాసయితే, తరవాత నీకు నచ్చిన చదువుకు నేనే డబ్బు పంపుతాను," అని ఒక షరతు పెట్టాడు. కొడుకు 1930లో మొదటి తరగతిలో ప్యాసయాడు. తండ్రి మాట నిలబెట్టుకున్నాడు. కుర్రవాడు గణితమూ, భౌతిక శాస్త్రమూ చదివి గొప్ప శాస్త్రజ్ఞుడయాడు.

అతనే హోమీ జహంగీర్ భాభా. మన దేశంలో అణుశక్తి పనికి పునాది వేసినవాడు ఆయనే.

మరి ఆ మొదటి మూడేళ్ళ ఇంజనీరింగు చదువు వృథా అయిందా? ఎంతమాత్రమూ కాలేదు. 1956 ఆగస్టు 4న బొంబాయి దగ్గర ట్రాంబేలో "అప్సర" అనే రియాక్టరు పని ప్రారంభించింది. రష్యాను మినహాయిస్తే ఆసియా ఖండంలో అదే మొదటి రియాక్టరు. దాన్ని నిర్మించే పనికి నాయకుడు భాభాయే. అలాటి పనికి పరమాణువు లోపలి సంగతి తెలిస్తే చాలదు. గొట్టాలూ, పంపులూ, మీటలూ, తీగలూ కూడా తెలియాలి. తండ్రి పట్టుబట్టి చదివించిన చదువూ, కొడుకు పట్టుబట్టి చదివిన చదువూ, రెండూ అక్కడ కలిశాయి.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, అణు ఇంజనీరు కావాలని కోరుకునే పిల్లలు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు: "అణు ఇంజనీరింగు డిగ్రీ ఎక్కడ దొరుకుతుంది?" అని. జవాబు వింటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. మన దేశంలో అణు విద్యుత్ కేంద్రాలను కట్టి నడుపుతున్న ఇంజనీర్లలో ఎక్కువమందికి ఆ పేరుగల డిగ్రీ లేదు! వారు మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ వంటి మామూలు ఇంజనీరింగు చదివినవారే. అణువుల పని ఆ తరవాత నేర్చుకున్నారు.

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే, అణు విద్యుత్ కేంద్రం లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడాలి.

యురేనియం పరమాణువు మధ్యలో ఉండే కేంద్రకాన్ని న్యూట్రాను అనే చిన్న కణం తాకితే, ఆ కేంద్రకం రెండు ముక్కలవుతుంది. అప్పుడు వేడి పుడుతుంది. దానితోపాటు రెండు మూడు కొత్త న్యూట్రానులు బయటికి వస్తాయి. అవి మరికొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఇలా గొలుసుకట్టుగా జరిగే పనిని అదుపులో పెట్టేదే రియాక్టరు. అక్కడ పుట్టిన వేడితో నీరు మరుగుతుంది, ఆవిరి టర్బైను చక్రాన్ని తిప్పుతుంది, చక్రం కరెంటు పుట్టిస్తుంది. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రంలో జరిగేదీ ఇదే. కుండ అదే, పొయ్యి మాత్రం వేరు. అయితే ఈ పొయ్యిలో ఒక్క కిలో యురేనియం ఇచ్చే వేడి కోసం, ఆ పొయ్యిలో 20 టన్నులకు పైగా బొగ్గు మండించాలి.

మన దేశంలో అణు విద్యుత్ కేంద్రాలు ఏడు చోట్ల ఉన్నాయి: తారాపూర్, రావత్‌భాటా, కల్పాక్కం, నరోరా, కాక్రపార్, కైగా, కూడంకుళం. వీటిలో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. కాని వాటికి కావలసిన సరంజామాలో చాలా భాగం మన దగ్గర నుంచే వెళుతుంది. ఎవరెవరు ఏయే పని చేస్తారో చూడండి.

ముందు యురేనియం దొరకాలి. కడప జిల్లా తుమ్మలపల్లెలో భూమి లోపలి నుంచి యురేనియం ఖనిజం తవ్వుతున్నారు. ఏ రాతిలో ఎంత ఖనిజం ఉన్నదో కనిపెట్టేవారు భూగర్భ శాస్త్రం చదివినవారు. దేశమంతటా ఇలా వెతికే అణు ఖనిజాల శాఖ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది.

ఆ యురేనియంను చిన్న చిన్న బిళ్ళలుగా చేసి, సన్నని లోహపు గొట్టాల్లో పెట్టి, కట్టలు కట్టాలి. ఈ పని 1971 నుంచీ హైదరాబాదులోని అణు ఇంధన సముదాయంలో జరుగుతున్నది. గొట్టాలు చేసే లోహం జిర్కోనియం. న్యూట్రానులను అది ఎక్కువగా మింగదు, అందుకే దాన్ని ఎంచుకున్నారు. గొట్టంలో వెంట్రుకవాసి పగులు ఉన్నా పనికిరాదు. ఇది లోహశాస్త్రం, అంటే మెటలర్జీ చదివినవారి పని.

మన రియాక్టర్లలో ఎక్కువ భాగానికి భారజలం కావాలి. భారజలం అంటే బరువైన హైడ్రోజన్ ఉండే నీరు. మామూలు నీటిలోని హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు ఏడువేలకు ఒక్కటి మాత్రమే బరువైనది. గోదావరి ఒడ్డున మణుగూరు దగ్గర ఉన్న భారజల కర్మాగారం పని ఆ ఒక్కదాన్నీ వేరు చేసి కూడబెట్టడమే. అక్కడ కెమికల్ ఇంజనీర్లు లేకపోతే ఒక్క బొట్టు కూడా రాదు.

రియాక్టరులో మెకానికల్ ఇంజనీరుకు ఎంత పని ఉంటుందో వినండి. 220 మెగావాట్ల రియాక్టరులో 306 గొట్టాలు అడ్డంగా అమర్చి ఉంటాయి. ఒక్కొక్క గొట్టంలో 12 ఇంధనపు కట్టలు ఉంటాయి. పాతబడిన కట్టలు తీసి కొత్తవి పెట్టడానికి రియాక్టరును ఆపనక్కరలేదు! గొట్టానికి ఈ చివర ఒక యంత్రం, ఆ చివర ఒక యంత్రం వచ్చి పట్టుకుంటాయి. ఒకటి కొత్త కట్టను లోపలికి తోస్తుంది, రెండోది పాత కట్టను అందుకుంటుంది. లోపల చెయ్యి పెట్టరాని వేడీ, దగ్గరకు పోరాని కిరణాలూ ఉంటాయి. అలాటి చోట ఒక్క చుక్క కారకుండా ఈ పని చేసే యంత్రాన్ని తయారు చెయ్యడం మాటలు కాదు.

ఇక ఎలక్ట్రానిక్సు సంగతి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో సైన్సు చదివి, తరవాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివాడు. అప్సరను అదుపులో పెట్టే పరికరాలను తయారుచేసిన బృందానికి నాయకుడు ఆయనే. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆయన చేతిమీదుగానే పెరిగింది. ఆ చుట్టుపక్కల వెలసిన ఎ. ఎస్. రావు నగర్‌కు ఆయన పేరే పెట్టారు. హైదరాబాదులో ఆ పేరుగల బస్సు ఎక్కినవారు ఎందరో! ఆయన ఎవరో తెలిసినవారు మాత్రం కొద్దిమందే.

వీరు గాక, రియాక్టరు చుట్టూ మందపాటి కాంక్రీటు గోడలు కట్టడానికి సివిల్ ఇంజనీర్లూ, న్యూట్రానుల లెక్క వెయ్యడానికి భౌతిక శాస్త్రజ్ఞులూ, పనివాళ్ళ ఒంటికి ఎంత కిరణ ప్రభావం తగిలిందో కనిపెట్టి ఉండేవారూ కావాలి.

కనక మీకు ఏ శాఖ మీద ఇష్టం ఉన్నదో ఆ శాఖనే చదవవచ్చు. కాని దాన్ని పైపైన కాక, వేళ్ళదాకా చదవాలి. ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానో ఒక నిజమైన సంగతి విన్నాక మీకే తెలుస్తుంది.

ఉత్తర ప్రదేశ్‌లో గంగ ఒడ్డున నరోరా విద్యుత్ కేంద్రం ఉన్నది. 1993 మార్చి 31న, తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో, అక్కడి మొదటి యూనిట్ టర్బైనులో రెండు రెక్కలు విరిగాయి. దానితో యంత్రం విపరీతంగా అదిరిపోయింది. జనరేటరును చల్లబరచడానికి వాడే హైడ్రోజన్ వాయువు బయటికి వచ్చి భగ్గున అంటుకున్నది. మంటలు కరెంటు తీగలకు పాకాయి. కేంద్రమంతా చీకటయింది. అదుపుగది నిండా పొగ కమ్మి, అక్కడివారు బయటికి రావలసివచ్చింది.

రియాక్టరును వెంటనే ఆపివేశారు. కాని అంతటితో ప్రమాదం తీరలేదు. కట్టెల పొయ్యిలో కట్టెలు లాగేసినా, నివురు కింద నిప్పులు చాలాసేపు కణకణలాడుతూనే ఉంటాయి గదా! రియాక్టరు కూడా అంతే. ఆపిన తరవాత కూడా ఇంధనం నుంచి కొంత వేడి వస్తూనే ఉంటుంది. దాన్ని తీసెయ్యకపోతే ఇంధనమే కరుగుతుంది. వేడి తీసెయ్యాలంటే నీరు తిరగాలి. నీరు తిప్పే పంపులకు కరెంటు లేదు!

అప్పుడు అక్కడివారు ఏం చేశారు? కొందరు బ్యాటరీ దీపాలు పట్టుకుని పైకెక్కి, చేతులతో కవాటాలు తిప్పి, బోరాన్ కలిపిన ద్రవాన్ని లోపలికి వదిలారు. బోరాన్ న్యూట్రానులను మింగేస్తుంది గనక, గొలుసు మళ్ళీ మొదలు కాదు. మరికొందరు మంటలార్పడానికి ఉంచిన డీజిలు పంపులను నడిపి, ఆ నీటిని ఆవిరి బాయిలర్లలోకి మళ్ళించారు. ఆ బాయిలర్లు రియాక్టరు కన్న ఎత్తులో ఉంటాయి. రియాక్టరులో వేడెక్కిన భారజలం తేలికయి తనంతట తానే పైకి వెళ్ళింది. బాయిలర్లలో చల్లబడి, బరువెక్కి, కిందికి దిగింది. ఏ పంపూ లేకుండా నీరు దానంతట అదే తిరగసాగింది!

వేడి నీరు పైకి పోతుంది, చల్లని నీరు కిందికి దిగుతుంది. ఇది మీరు బడిలో చదివిన పాఠమే. గాజు పాత్రలో రంగు పలుకు వేసి, కింద దీపం పెట్టి మీ మాష్టారు చూపించి ఉంటారు. ఆ పాఠమే ఆ వేళ ఒక రియాక్టరును కాపాడింది. పదిహేడు గంటలపాటు కరెంటు లేకపోయినా ఇంధనం దెబ్బ తినలేదు, కిరణ ప్రభావంగల పదార్థం బయటికి రాలేదు.

తప్పులు జరగలేదని మాత్రం అనుకోకండి. రెక్కలు విరగడం లోహానికీ యంత్రానికీ సంబంధించిన తప్పు. మంట పాకేటట్టు తీగలు పక్కపక్కనే ఉండడం ఎలక్ట్రికల్ ఏర్పాటులో తప్పు. ఆ తరవాత వాటిని సవరించవలసి వచ్చింది. అన్ని చోట్లా కథ ఇలా సుఖంగా ముగియలేదు. 2011లో జపానులోని ఫుకుషిమాలో సముద్రం పొంగి డీజిలు జనరేటర్లను ముంచేసింది. నిప్పుల వేడిని తీసెయ్యడం కుదరక, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. వేలాది కుటుంబాలు ఇళ్ళు విడిచి పోవలసివచ్చింది. అణు ఇంజనీరు చదువులో మార్కుల కన్న పెద్దది ఏమిటో ఇప్పుడు తెలిసిందా? పాఠాన్ని పరీక్షకోసం గాక, చీకట్లో, పొగలో కూడా గుర్తుండేటట్టు నేర్చుకోవాలి.

ఇక దారి సంగతి చెబుతాను. పదో తరగతి తరవాత లెక్కలూ, భౌతిక, రసాయన శాస్త్రాలూ తీసుకుని ఇంటర్మీడియెట్ చదవండి. తరవాత ఇంజనీరింగులో మీకు నచ్చిన ఒక ముఖ్య శాఖలో చేరండి. ఆఖరు సంవత్సరంలో గేట్ అనే పరీక్ష రాయండి. దాని మార్కులతోగాని, విడిగా జరిపే ప్రవేశ పరీక్షతోగాని, ఆపైన ఇంటర్వ్యూతో, భాభా అణు పరిశోధన కేంద్రం వారి శిక్షణ పాఠశాలకు ఎంపిక జరుగుతుంది. డిగ్రీలో నూటికి 60 మార్కులయినా ఉండాలి. వయసు సాధారణంగా 26 దాటరాదు. కొన్ని వర్గాలవారికి సడలింపు ఉన్నది.

ఈ పాఠశాలను ట్రాంబేలో 1957లో ప్రారంభించినది కూడా భాభాయే. వేరు వేరు శాఖలు చదివినవారిని ఒక చోట కూర్చోబెట్టి, ఒక ఏడాది అణు విద్య నేర్పుతారు. ఇంజనీరుకు భౌతిక శాస్త్రమూ, భౌతిక శాస్త్రం చదివినవాడికి ఇంజనీరింగూ కొంత వస్తుంది. నేర్చుకునే కాలంలో భృతి ఇస్తారు. నెగ్గినవారు శాస్త్రాధికారులుగా ఉద్యోగంలో చేరుతారు. విద్యుత్ కేంద్రాలు నడిపే అణు విద్యుత్ సంస్థ కూడా గేట్ మార్కులు చూసి ఇంజనీర్లను తీసుకుని, విడిగా శిక్షణ ఇస్తుంది.

అణు ఇంజనీరింగు పేరుతోనే పెద్ద డిగ్రీ కావాలంటే కాన్పూరు ఐ.ఐ.టి. వంటి కొన్ని చోట్ల ఉన్నది. అయితే ముందు ఒక శాఖలో గట్టి పునాది వేసుకుని, ఆ తరవాత అక్కడికి వెళ్ళడం మేలు.

మీకు యంత్రాలకన్న శాస్త్రమే ఇష్టమా? అయితే ఎం. ఎస్సీ. చదివి కూడా శిక్షణ పాఠశాలకు వెళ్ళవచ్చు. ఇంటర్మీడియెట్ తరవాత భువనేశ్వరులోని జాతీయ సంస్థలో అయిదేళ్ళ ఎం. ఎస్సీ. చదువుంది. దానికి నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. భౌతిక శాస్త్రం చదివినవారు మరొక ఏడాది కిరణ భౌతిక శాస్త్రం నేర్చుకుని ఆస్పత్రుల్లో కూడా పని చేయవచ్చు. క్యాన్సరు రోగికి ఎంత కిరణం, ఎక్కడ తగలాలో లెక్క వేసేది వారే.

మీ ఇంట్లో అంత కాలం చదివించే శక్తి లేదనుకోండి. నిరాశపడకండి. పదో తరగతి తరవాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవారినీ, బి. ఎస్సీ. చదివినవారినీ, ఐ. టి. ఐ. లో ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నవారినీ కూడా ఈ సంస్థలు భృతి ఇచ్చి శిక్షణకు తీసుకుంటాయి. 2018 డిసెంబరు 31న కైగాలోని మొదటి యూనిట్ 962 రోజులు ఆగకుండా నడిచి, ఆనాటికి ప్రపంచ రికార్డు స్థాపించింది. అన్ని రోజులు ఒక రియాక్టరు నడవడానికి ఇంజనీర్ల తెలివి ఒక్కటే చాలదు. ప్రతి మర సరిగా బిగించిన ఫిట్టరుకు కూడా అందులో వాటా ఉన్నది.

ఇప్పుడు అమ్మానాన్నలకు రెండు మాటలు.

కిరణాల భయం మీకు సహజమే. అందుకే ఈ పనికి కట్టుదిట్టమైన లెక్క ఉన్నది. పద్దెనిమిదేళ్ళు నిండనివారిని కిరణాల మధ్య పనిలో పెట్టరు. పనిచేసే ప్రతివాడూ ఛాతీమీద ఒక చిన్న బిళ్ళ ధరిస్తాడు. తగిలిన కిరణ ప్రభావం అందులో నమోదవుతుంది. ఆ లెక్క మిల్లీసీవర్టులలో వేస్తారు. అయిదేళ్ళలో మొత్తం 100 దాటరాదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు. నేల నుంచీ, ఆకాశం నుంచీ ప్రకృతిలో మనందరికీ తగిలేది ప్రపంచం మొత్తం మీద సగటున ఏడాదికి సుమారు 2.4.

ఉద్యోగాల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. దరఖాస్తు పెట్టేవారు వేలు, దొరికే చోట్లు కొద్ది. ఉద్యోగం వచ్చినా ఊరికి దూరంగా, కేంద్రం పక్కనే కట్టిన కాలనీల్లో బతకవలసి రావచ్చు. 2047 నాటికి అణు విద్యుత్తును లక్ష మెగావాట్లకు పెంచాలని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అప్పటికి దేశంలో ఉన్నది తొమ్మిదివేల లోపే. అది నెరవేరితే మనుషులు చాలామంది కావాలి. కాని ప్రకటించిన మాట వేరు, కట్టిన గోడ వేరు. అందుచేత ఆ ఒక్క మాట నమ్ముకుని పిల్లవాడి చదువు నిర్ణయించకండి. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ వంటి ముఖ్య శాఖ చదివిన అబ్బాయికిగాని, అమ్మాయికిగాని, అణు కేంద్రం తలుపు తెరుచుకోకపోతే వేరే తలుపులు పది ఉంటాయి. ఇరుకైన పేరుగల డిగ్రీని తొందరపడి ముందే తీసుకున్నవారికి అన్ని తలుపులు ఉండవు.

మీ పిల్లలు ఏదో ఒక రోజు వచ్చి, "నాకు ఇది కాదు, అది చదవాలని ఉంది," అంటే, ఆ బొంబాయి న్యాయవాదిని గుర్తు తెచ్చుకోండి. ఆయన కాదనలేదు, ఊరికే ఔననలేదు. చేతిలో ఉన్న పని చక్కగా పూర్తి చెయ్యమన్నాడు. ఆ పైన తాను అన్న మాట తప్పలేదు.

పిల్లలూ, మీరు గుర్తుంచుకోవలసింది కొడుకు చేసిన పని. ఇష్టం లేని చదువును కూడా మొదటి తరగతిలో పూర్తి చేసి, ఆ తరవాతనే తన దారిన తాను వెళ్ళాడు. ఈ సాయంత్రం మీరు సైన్సు పుస్తకం తెరిచినప్పుడు, అందులో వేడి నీటి పాఠం ఉంటే, దాన్ని మరొకసారి నిదానంగా చదవండి.